సభ కాని సభ

స్టోన్‌పోర్ట్ రేవులో పడవ దిగినవాడెవడైనా ముందు వాకబు చేసేది కెతూరా డోన్ పూటకూళ్ల ఇంటి గురించే. గుమ్మం మీద నీలం రంగు లంగరు బొమ్మ వేలాడుతుంది గనక దాన్ని అందరూ 'లంగరు' అనేవారు. పంది మాంసం, చెరకు మడ్డి వేసి, తెల్లవార్లూ నిప్పుల మీద మగ్గబెట్టిన బీన్సు కుండ మూత తీసిందంటే వాసన రేవు దాకా పోయేది. బోస్టన్ వెళ్లే బండివాళ్లు కూడా ఆ వాసనకి గుర్రాలు విప్పేసేవారు.

కెతూరా మొగుడు జేబెజ్, కాడ్ చేపల వేటకి వెళ్లి మళ్లీ రాలేదు. పడవా రాలేదు, పడవలోని వాళ్లెవరూ రాలేదు. పిల్లలు లేరు. పూటకూళ్ల ఇల్లు, దాని వెనక ఆపిల్ తోట, ముసలి అత్తగారు హెప్సీబా, ఇవి ఆమెకి మిగిలాయి. ఇల్లు అమ్మేసి మళ్లీ పెళ్లి చేసుకోమని ఊళ్లో ప్రతివాళ్లూ సలహా చెప్పారు. వీధి చివర కొట్టు పెట్టుకున్న సైలస్ గెడ్నీ సలహాతో ఆగక, కొత్త కోటు తొడుక్కుని స్వయంగా వచ్చాడు.

"నీ లంగరు, నా కొట్టు కలిస్తే ఈ వీధిలో మనకి ఎదురుండదు కెతూరా," అన్నాడు.

"ఇప్పుడు మాత్రం నాకు ఎదురెవరున్నారు సైలస్?" అని, ఆయనకో గ్లాసు ఆపిల్ కల్లు పోసి, తాగాక డబ్బులు అడిగి పుచ్చుకుంది. గెడ్నీ ఆ సంగతి చాలాకాలం మర్చిపోలేదు.

ఆమె మరిది ఎజ్రా మాత్రం వదిన పక్షమే. మనిషి మంచివాడు. ప్రార్థన మందిరం పెద్దల్లో ఒకడైన డీకను, ఊరి సభకి అధ్యక్షుడు. గొంతు పెద్దది, గుండె కాస్త చిన్నది. ఏ పని చెయ్యాలన్నా ముందు నలుగురి మొహాలూ చూసేవాడు. కెతూరాకి ఆ అలవాటు లేదు.

పదిహేడు వందల అరవై ఐదులో లండన్ పార్లమెంటు వాళ్లు అమెరికా వలసల మీద కొత్త పన్ను వేశారు. దస్తావేజు గానీ, పత్రిక గానీ, లైసెన్సు గానీ, ఆఖరికి పేకముక్కలు గానీ రాజుగారి ముద్ర వేసిన కాగితం మీదే ఉండాలి, ఆ కాగితం డబ్బిచ్చి కొనుక్కోవాలి అన్నారు. కెతూరా మద్యం అమ్మే లైసెన్సు ఏటా తిరగరాయించుకోవాలి. ఆమె బండి కట్టించుకుని జిల్లా కోర్టుకి వెళ్లింది. అక్కడ గుమస్తా ఒక్కడే ఈగలు తోలుకుంటున్నాడు.

"ముద్ర కాయితం లేదమ్మా," అన్నాడు. "దాన్ని అమ్మాల్సినాయన జనం రాళ్లేస్తారని భయపడి ఉద్యోగం మానేశాడు. కాయితం లేందే లైసెన్సు లేదు."

"లైసెన్సు లేకపోతే?"

"రమ్ము అమ్మకూడదు."

"కాయితం తెప్పించడం మీ పని. రమ్ము అమ్మడం నా పని. మీ పని మీరు చేసేదాకా నా పని ఆపుకుని కూచోమంటారా?"

గుమస్తా మళ్లీ ఈగలు తోలుకోవడం మొదలుపెట్టాడు. కెతూరా ఇంటికొచ్చి ఎప్పటిలాగే పీపా బిరడా తీసింది. ఎజ్రా పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, నిన్ను జైల్లో పెడతారు!"

"పెట్టనీ. పెట్టాలంటే వారంటు రాయాలిగా. దానికీ ముద్ర కాయితం కావాలి. అది ఎక్కడుంది?"

ఆ చలికాలమంతా లైసెన్సు లేకుండానే లంగరు నడిచింది. మరుసటి ఏడు ఆ పన్ను రద్దయిందన్న వార్త వచ్చింది. ఎజ్రా రేవులో తారు పీపాలు కాల్పించి, డప్పులు కొట్టించి, రాజుగారి చల్లని మనసు గురించి ప్రసంగం చేశాడు. దిగి వచ్చాక వదినతో, "చూశావా, మన మీద జాలిపడ్డాడు," అన్నాడు.

"జాలా పాడా. మనం కొనలేదు ఎజ్రా. కొనేవాడు లేని సరుకు ఎన్నాళ్లు పెట్టుకుంటారు?"

ఆ ఒక్క విషయం ఆమె మనసులో గట్టిగా నాటుకుంది. ఊరంతా అది కాలక్రమాన మర్చిపోయినా ఆమె మర్చిపోలేదు.

ఏడాది తిరిగేసరికి మళ్లీ పన్ను వేశారు. ఈసారి టీ మీద, గాజు మీద, కాగితం మీద, రంగుల మీద, సీసం మీద. వసూలు చెయ్యడానికి రేవులోకి పెల్హమ్ అనే సుంకాల అధికారి దిగాడు. ఊళ్లో ఎవరూ గది అద్దెకివ్వకపోతే లంగరుకి వచ్చాడు. కెతూరా మేడ మీద సముద్రం కనబడే గది ఇచ్చింది. ఊళ్లో వాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

"పులి ఎక్కడుందో తెలియకుండా అడవిలో తిరిగే కంటే, మన పెరట్లో కట్టేసుకోవడం నయం కాదూ?" అంది కెతూరా. పెల్హమ్ ఏ పూట బయటికి వెళ్లేదీ, ఏ పూట ఇంట్లో ఉండేదీ లంగరులో తెలిసినంత బాగా ఎక్కడా తెలిసేది కాదు. ఆ సంగతి రేవులో సుంకం ఎగ్గొట్టి సరుకు దింపుకునేవాళ్లకి బాగా అక్కరకొచ్చింది.

నవంబరు తుఫానుకి పెల్హమ్ గది కిటికీ అద్దాలు పగిలిపోయాయి. కెతూరా వడ్రంగిని పిలిచి చెక్కలు కొట్టించేసింది. పెల్హమ్ దుప్పటి కప్పుకుని కిందికి దిగొచ్చాడు.

"ఏమిటమ్మా ఇది? పట్టపగలు కొవ్వొత్తి వెలిగించుకోవాల్సి వస్తోంది. అద్దం వేయించండి."

"అద్దానికి సుంకం కట్టాలి బాబూ."

"కట్టండి."

"మీకే కదా కట్టాల్సింది? మీకు నేను కట్టి, ఆ అద్దంలోంచి మీరు సముద్రం చూసి, ఏ పడవ వస్తోందో కనిపెట్టి, వాడి దగ్గర మళ్లీ వసూలు చేస్తారు. ఇంత మేలు మీకు నేనెందుకు చెయ్యాలి చెప్పండి? చెక్క మీద సుంకం లేదు. వెచ్చగా కూడా ఉంటుంది."

బల్లల దగ్గర కూచున్న జాలర్లు గ్లాసులు పక్కనపెట్టి మరీ నవ్వారు. పెల్హమ్ చెడ్డవాడేం కాదు, ఆయనా నవ్వేశాడు. వసంతం రాగానే వేరే రేవుకి బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు.

గాజు లేకుండా గడిచింది. టీ దగ్గరే ఇంట్లో యుద్ధం మొదలైంది. ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి ఇంగ్లీషు టీ ముట్టుకోకూడదని ఒట్టేసుకున్నారు. కెతూరా రాస్‌బెర్రీ ఆకులు ఎండబెట్టి కాచడం మొదలుపెట్టింది. హెప్సీబా మొదటి గుక్క నోట్లో పోసుకుని, కప్పు బల్ల మీద ఠంగుమని పెట్టింది.

"ఏమే, మేకకి పెట్టాల్సింది పొరపాటున నాకు పెట్టావా?"

"దేశం కోసం అత్తయ్యా."

"దేశం కోసం మీరు తాగండి. నేను పోయేదాన్ని, నాకెందుకీ తద్దినాలు?"

కొన్నాళ్లకి ముసలావిడ గొణగడం మానేసింది. కెతూరాకి అనుమానం వచ్చింది. ఓ ఆదివారం పక్క దులుపుతుంటే దిండు కింద ఉన్ని మేజోడు, దాని నిండా టీ ఆకు! గెడ్నీ కొట్టు వెనక గుమ్మంలోంచి వస్తోందని తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. కెతూరా ఆ మేజోడు పట్టుకెళ్లి అత్తగారి ఒళ్లో పెట్టింది.

"రాజు మనల్ని మాటవరసకైనా అడక్కుండా పన్ను వేశాడు. ఇది తాగితే వేసుకోమని మనమే చెప్పినట్టు కాదా అత్తయ్యా?"

హెప్సీబా సిగ్గుపడలేదు. సూటిగా కోడలి మొహంలోకి చూసింది.

"అడక్కుండా వేశాడని ఏడుస్తున్నారు, బానే ఉంది. మొన్న ఊరి పన్ను కట్టావే, దాని కోసం నిన్నెవడు అడిగాడు? నా కొడుకు ఎజ్రా అడిగాడా? సభలో చెయ్యెత్తమన్నాడా? రోడ్డుకీ నువ్వే కట్టావు, బడికీ నువ్వే కట్టావు, పాస్టరు గారి కట్టెలకీ నువ్వే కట్టావు. గెడ్నీ చెయ్యెత్తితే నీ డబ్బు లేచింది. ఆ రాజు కనీసం దూరాన ఉన్నాడు. వీళ్లు నీ ఇంట్లో బీన్సు తింటూ కూడా అడగలేదే!"

కెతూరా ఇన్నేళ్లుగా తను కట్టిన ఊరి పన్ను, ఇంటి పన్ను, తోట పన్ను ఎప్పుడూ ఆ కళ్లతో చూసుకోలేదు. మొగుడున్నప్పుడు సభకి అతను వెళ్లేవాడు. మొగుడు పోయాక పన్ను మాత్రం ఆగకుండా వస్తోంది, సభకి పిలుపు రాలేదు. ఆ మధ్యాహ్నం కెతూరా పొయ్యి ఎగదోసి అత్తగారి పక్కన కూచుంది. ఆఖరికి ముసలావిడే మేజోడు తీసి నిప్పుల్లో బోర్లించింది.

"నీకోసం కాదే," అంది. "గెడ్నీ గాడు రెట్టింపు ధర పుచ్చుకుంటున్నాడు."

డెబ్భై నాలుగు నాటికి సంగతులు ముదిరిపోయాయి. బోస్టన్ వాళ్లు టీ పెట్టెలు సముద్రంలో పారేశారు. దానికి శిక్షగా బోస్టన్ రేవు మూసేశారు. పైగా మసాచుసెట్స్‌లో ఏ ఊరైనా గవర్నరు అనుమతి లేకుండా సభ పెట్టుకోకూడదని చట్టం చేశారు. తాతల నాటి నుంచి తమ రోడ్డు, తమ బడి, తమ పన్ను తామే కూచుని తేల్చుకునే జనం. వాళ్ల నోరు నొక్కినట్టయింది. ఆ శరత్కాలంలో ఊళ్లన్నిటి ముందూ ఒకటే ప్రశ్న. వసూలైన పన్ను ఎప్పట్లా బోస్టన్‌లో గవర్నరు ఖజానాకి పంపాలా, లేక మనవాళ్లు కాంకర్డ్‌లో కొత్తగా పెట్టుకున్న కాంగ్రెసు అనే సొంత సభకి పంపాలా? ఎవరి ఖజానాకి డబ్బు వెళుతుందో వాళ్లదే రాజ్యం, ఆ సంగతి స్టోన్‌పోర్ట్‌లో చంటిపిల్లలకి కూడా అర్థమైంది.

తేల్చాలంటే సభ పెట్టాలి. సభ పెడితే గవర్నరు తరఫున పట్టుకోవడానికి షెరీఫు వస్తాడు. పాస్టరు గారు ప్రార్థన మందిరానికి తాళం వేసుకుని జ్వరమన్నారు. ఎజ్రా లంగరు వంటింట్లో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు.

"ఎక్కడ పెట్టినా పట్టుకుంటారు వదినా."

"సభ పెడితే పట్టుకుంటారు. భోజనాలు పెడితే?"

"భోజనాలేంటి?"

"గురువారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలు. ఊరంతా రండి. తింటూ నాలుగు మాటలు మాట్లాడుకోకూడదని చట్టంలో ఉందా?"

గురువారం లంగరులో కాలు పెట్టే సందు లేదు. బెంచీలు చాలక పీపాల మీద, మెట్ల మీద, కిటికీ గట్ల మీద కూచున్నారు. కెతూరా, హెప్సీబా, పక్కిళ్ల ఆడవాళ్లు వడ్డిస్తున్నారు. బీన్సు, గోధుమరంగు రొట్టె, పాలు పోసి కాచిన చేపల గంజి. ఎజ్రా లేచి గొంతు సవరించుకునేలోగా తలుపు తెరుచుకుని షెరీఫు లోపలికొచ్చాడు. సైనికులు బోస్టన్‌లో ఉన్నారు, ఆయన ఒంటరిగా గుర్రమెక్కి వచ్చాడు. ఎజ్రా లేచినవాడల్లా మళ్లీ కూచున్నాడు.

"ఇక్కడ సభ జరుగుతోందని తెలిసింది," అన్నాడు షెరీఫు.

కెతూరా గరిటె చేత్తోనే ఎదురెళ్లింది. "సభా? ఆడవాళ్లు తిరుగుతున్న చోట సభేంటండీ? భోజనాలు. మీరూ పొద్దుటినుంచి గుర్రం మీదే ఉన్నట్టున్నారు. కూచోండి. అత్తయ్యా, వారికి మాంసం బాగా తగిలేలా వెయ్యండి."

షెరీఫుకి ఆకలి నిజంగానే ఉంది. ఒక్కసారి చుట్టూ చూశాడు. గదినిండా జాలర్ల భుజాలు కనబడ్డాయి. ఎదురుగా పొగలు కక్కే పళ్లెం కనబడింది. టోపీ తీసి కూచున్నాడు.

"కానీ ఎజ్రా, భోజనాల్లో ఏదో అడుగుతానన్నావు," అంది కెతూరా.

ఎజ్రా బిక్కమొహం వేశాడు. వదిన కళ్లలోకి చూశాడు. ఆ చూపు అర్థమయ్యాక, బతుకులో మొదటిసారి ఎవరి మొహాలూ చూడకుండా నోరు విప్పాడు.

"అన్నలారా, ఈ ఏడు మనింట్లో బీన్సు బాగా పండాయి. అలవాటు ప్రకారం ఓ కుండ బోస్టన్‌లో పెద్దాయనకి పంపిస్తున్నాం. ఆయన తిని, ఇంకా పంపమనడమే గానీ, బాగుందని ఎన్నడూ అన్లేదు. ఈసారి ఆ కుండ కాంకర్డ్‌లో కూచున్న మనవాళ్లకే పంపితే ఎలా ఉంటుందంటారు?"

"బోస్టన్ పెద్దాయనకి పొట్ట ఎక్కువైంది!" అన్నాడో జాలరి.

"మనవాళ్లకే పంపండి. వాళ్లు ఆకలి మీదున్నారు!"

గెడ్నీ మూలనుంచి లేచాడు. "పెద్దాయనకి కోపం వస్తే కుండతో పాటు పొయ్యి కూడా పట్టుకుపోతాడు. ఆలోచించుకోండి."

"పొయ్యి నాది సైలస్," అంది కెతూరా. "ఎవరు పట్టుకుపోతారో నేను చూస్తాను. నీ కొట్టు పొయ్యి సంగతి నువ్వు చూసుకో."

షెరీఫు రొట్టె ముక్కతో పళ్లెం తుడుస్తూ వింటున్నాడు. ఆయనకి అర్థం కాలేదని ఎవరూ అనుకోలేదు. ఆయన కూడా అర్థమైనట్టు పైకి కనబడనివ్వలేదు.

"సరే," అన్నాడు ఎజ్రా. "కుండ మనవాళ్లకే అన్నవాళ్లు చేతులెత్తండి."

చేతులు లేచాయి. వాటితో పాటు గరిటె పట్టుకున్న చెయ్యి ఒకటి లేచింది. కెతూరాది. ఆ వెనకే హెప్సీబా ముడతల చెయ్యి. తర్వాత వడ్డిస్తున్న వితంతువులు, పెళ్లాలు, కూతుళ్లు అందరి చేతులూ లేచాయి. ఎజ్రా నోరు తెరిచాడు. ఆడవాళ్ల చేతులు చెల్లవు అనాలి. అంటే ఇది సభ అని ఒప్పుకున్నట్టే, షెరీఫు అక్కడే కూచున్నాడు.

"లెక్కపెట్టు ఎజ్రా," అంది కెతూరా మెల్లగా. "భోజనాలే కదా."

ఎజ్రా అన్నీ లెక్కపెట్టాడు. వ్యతిరేకంగా లేచింది గెడ్నీ చెయ్యొక్కటే, అదీ సగమే. షెరీఫు కడుపునిండా తిని, గుర్రమెక్కి, "భోజనం బాగుందమ్మా. నేను చూసింది భోజనమే," అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ ఏడు స్టోన్‌పోర్ట్ పన్ను గవర్నరుకి చేరలేదు. చుట్టుపక్కల చాలా ఊళ్ల నుంచి కూడా చేరలేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. ఊరి మగవాళ్లు తుపాకులు పట్టుకుని వెళ్లారు. కొందరు తిరిగొచ్చారు, కొందరి పేర్లు పాస్టరు గారు ప్రార్థనలో చదివారు. డెబ్భై ఆరు మే నెలలో, రాజుతో పూర్తిగా తెగతెంపులు చేసుకుంటే ప్రాణాలొడ్డి నిలబడతారా అని ప్రతి ఊరినీ అడిగారు. ఈసారి భయం లేదు గనక ప్రార్థన మందిరంలోనే దర్జాగా సభ పెట్టారు. కెతూరా వెళ్లేసరికి ఎజ్రా గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"వదినా, అది భోజనం. ఇది సభ."

"షెరీఫు వచ్చినప్పుడు నా చెయ్యి పనికొచ్చింది. రానప్పుడు పనికి రాలేదా?"

ఎజ్రా తలవంచుకున్నాడు గానీ దారి ఇవ్వలేదు. లోపల వందలాది చేతులు స్వాతంత్ర్యానికి లేచాయి. కెతూరా బయట మెట్ల మీద నిలబడి ఆ హర్షధ్వానాలు వింది. కోపం వచ్చింది, ఆనందమూ కలిగింది. రెండింటినీ దాచుకోలేదు. ఇంటికొచ్చి అత్తగారికి చెప్పింది.

"అయితే ఇంక రాజు లేడన్నమాట," అంది హెప్సీబా.

"లేడత్తయ్యా."

"పన్నో?"

"అది ఉంటుంది."

"మంచిదే. ఇప్పుడు పన్ను వేసేవాడు నడిచి వెళ్లే దూరంలో ఉన్నాడు. వెళ్లి మొహం మీదే అడుగు."

కెతూరా అడిగింది. మరుసటి మార్చిలో ఊరి సభ మొదలయ్యే ముందు నేరుగా మందిరంలోకి నడిచి, అందరి ముందూ నిలబడి అడిగింది. "అడక్కుండా పన్ను వెయ్యడం అన్యాయమని మీరు రాజుతో యుద్ధం చేస్తున్నారు. నేనూ మీతో ఉన్నాను. నా ఆపిల్ కల్లు సగం మీ సైనికులే తాగారు. మరి నన్నెప్పుడు అడుగుతారు?"

కొందరు నవ్వారు. కొందరు నేల చూపులు చూశారు. పెద్దలు గుసగుసలాడుకుని, ఆమె కష్టసుఖాలు చూసి ఆ ఏడు ఆమె పన్నులో కొంత తగ్గిస్తామన్నారు.

"తగ్గించమన్లేదు," అంది కెతూరా. "అడగమన్నాను. తగ్గించకండి, అంతా కడతాను."

అన్నమాట ప్రకారం అంతా కట్టింది. ఊరు మాత్రం ఆమెకి ఓటు ఇవ్వలేదు. ఆ తర్వాత ఎన్నేళ్లు బతికినా ఇవ్వలేదు, ఇవ్వలేదన్న మాట ప్రతి మార్చిలోనూ ఆమె మందిరానికి వెళ్లి చెప్పడం మానలేదు. కానీ ఆ సభ తర్వాత ఎజ్రాలో ఏదో కదిలింది. ఊరి పన్ను ఖరారు చేసే ముందు ఓ రోజు లంగరుకి వచ్చి, టోపీ తీసి బల్ల మీద పెట్టి, "వదినా, ఈ ఏడు బడికి కొత్త కప్పు వెయ్యాలంటున్నారు. నువ్వేమంటావు?" అని అడిగాడు. మరుసటి ఏడూ వచ్చాడు. ఆ పైయేడు కూడా. ఆమె ఒప్పుకున్నవి సభలో చెప్పాడు, ఒప్పుకోనివి కూడా పేరు పెట్టి చెప్పాడు, నవ్విన వాళ్లని నవ్వనిచ్చాడు.

"ఇది ఓటు కాదు ఎజ్రా, తెలుసుగా?" అనేది ప్రతిసారీ.

"తెలుసు వదినా."

"తెలిస్తే కూచో. అదిగో, ముందు ఆ బండివాళ్లకి వడ్డించి వస్తాను."

ఊరి సభ అధ్యక్షుడు డీకన్ ఎజ్రా డోన్, బండివాళ్లు తిని లేచేదాకా ఆ బెంచీ మీద కూచుని ఓపిగ్గా ఎదురుచూసేవాడు.